ఫోరెన్సిక్ వీడియో విశ్లేషణకు ఒకే ఒక్క లైసెన్సు కొనగలిగితే దేన్ని ఎంచుకోవాలి?

ప్రశ్న: కొత్తపరిశీలకుడు

అందరికీ నమస్కారం. మా చిన్న ప్రయోగశాలలో ఇన్నాళ్లూ ఫోన్లు, కంప్యూటర్ డిస్కుల పరిశీలన మాత్రమే జరిగేది. కొన్ని నెలలుగా వీడియోలు కూడా రావడం మొదలైంది. ప్రస్తుతం నా ముందు మూడు రకాల ఫైళ్లు ఉన్నాయి. మొదటిది సీసీ కెమెరాల డీవీఆర్ (దృశ్యాలను డిస్కులో నమోదు చేసే పెట్టె) నుంచి ఎగుమతి చేసినది. తయారీదారు ఇచ్చిన ప్లేయర్ తప్ప మరే ప్లేయరూ దాన్ని తెరవడం లేదు. రెండవది ఎవరో ఫోన్‌తో తీయగా, మెసేజింగ్ యాప్‌లో మూడు చేతులు మారి మా దాకా వచ్చిన క్లిప్పు. మూడవది మరీ విచిత్రమైనది: మానిటర్ మీద ఆడుతున్న దృశ్యాన్ని ఫోన్‌తో చిత్రీకరించి తెచ్చి ఇచ్చారు.

ఈ ఏడాది మాకు ఒక వాణిజ్య సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు మాత్రమే అనుమతి దొరికింది. ఆంపెడ్ ఫైవ్ తీసుకోమని ఒకరు, ఆక్సాన్ ఇన్వెస్టిగేట్ తీసుకోమని మరొకరు చెప్పారు. మా సహోద్యోగి మాత్రం ప్రీమియర్, ఫోటోషాప్ ఇప్పటికే ఉండగా కొత్తవి ఎందుకని అడుగుతున్నారు. ఆయన మసకగా ఉన్న ఒక నంబర్ ప్లేటును కృత్రిమ మేధతో పనిచేసే సాధనంలో వేసి, అక్షరాలు స్పష్టంగా కనిపించేలా చేసి చూపించారు. అది చూసినప్పుడు నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువ కలిగింది, అయితే ఆ భయానికి కారణమేమిటో ఆయనకు సరిగా చెప్పలేకపోయాను. అనుభవం ఉన్నవారు సాధనాల ఎంపికను ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

సమాధానం: ఫ్రేములలెక్క

మీకు ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు కానీ, దానివల్ల మీకు పెద్దగా ఉపకారం జరగదు. డబ్బు ఖర్చు పెట్టే ముందు మీ మొదటి ఫైలును ఉచిత సాధనాలతో కొన్నాళ్లు పరిశీలించండి. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో, వీడియోలను చదివి మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, దానితో కలిసి వచ్చే ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్, ఫైలులోని బైట్లను నేరుగా చూపే ఒక హెక్స్ ఎడిటర్ ఉంటే చాలు. మీకు వచ్చే ఫైళ్లు ఎలాంటివో, వాటి గురించి మిమ్మల్ని అడగబోయే ప్రశ్నలు ఎలాంటివో తెలిసిన తరువాతే ఏ లైసెన్సు అవసరమో తేలుతుంది.

తయారీదారు ప్లేయర్‌లో తప్ప తెరుచుకోని ఫైళ్లలో చాలావాటి లోపల ఉండేది మామూలు హెచ్.264 లేదా హెచ్.265 (వీడియోను కుదించే ప్రామాణిక పద్ధతులు) ధారే. తయారీదారు దాని చుట్టూ తనదైన తొడుగు వేసి, తేదీ, సమయం, కెమెరా సంఖ్య వంటి వివరాలను ఆ తొడుగులో రాసుకుంటాడు. హెక్స్ ఎడిటర్‌లో 00 00 00 01 67 అనే బైట్ల వరుస మళ్లీ మళ్లీ కనిపించిందంటే లోపల హెచ్.264 ఉన్నదని గట్టిగా అనుమానించవచ్చు. ఆ ఫైలును ముడి హెచ్.264గా చదవమని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు చెబితే తరచుగా బొమ్మ తెర మీదికి వచ్చేస్తుంది. కొత్తవాళ్లు పొంగిపోయేది ఇక్కడే. ఒకప్పుడు నేనూ పొంగిపోయాను.

తొడుగును పక్కన పెట్టినప్పుడు అందులోని కాలసూచనలు కూడా పోతాయి. కాలసూచనలు లేని ముడి ధార చేతికి వస్తే, మీరు ప్రత్యేకంగా వేరే సంఖ్య చెప్పనంత వరకు, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దాన్ని సెకనుకు 25 ఫ్రేముల వీడియోగా భావించి ముందుకు సాగుతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక ఫైలులో డీవీఆర్ నిజానికి నమోదు చేసింది సెకనుకు పన్నెండున్నర ఫ్రేములే. రోడ్డు మీద 20 మీటర్ల ఎడంగా ఉన్న రెండు గుర్తులను ఒక వాహనం 20 ఫ్రేముల వ్యవధిలో దాటింది. 25 లెక్కన ఆ వ్యవధి 0.8 సెకను, వేగం గంటకు 90 కిలోమీటర్లు, 12.5 లెక్కన వ్యవధి 1.6 సెకన్లు, వేగం గంటకు 45 కిలోమీటర్లు. ముసాయిదా నివేదికలో నేను మొదటి అంకెనే రాశాను. తెర మూలన ఉన్న గడియారంలో సెకను మారడానికి ఎన్ని ఫ్రేములు పడుతున్నాయో ఒక సహోద్యోగి లెక్కపెట్టి చూడబట్టి ఆ తప్పు గడప దాటలేదు. ఆనాటి నుంచి తెరపై గడియారం ఉన్న ప్రతి ఫైలులోనూ కనీసం ఒక నిమిషం నిడివి మేర సెకనుకు ఎన్ని ఫ్రేములున్నాయో లెక్క కట్టిన తరువాతే మిగతా పని మొదలుపెడుతున్నాను. ఆ సంఖ్య సెకను సెకనుకూ మారుతూ ఉండడం కూడా మీరు చూస్తారు.

ఇంకొక విషయం ఉంది. దాన్ని ఎంత వివరంగా చెప్పినా తక్కువే. తెర మీద కనిపించే ప్రతి ఫ్రేమూ కెమెరా పూర్తిగా కొత్తగా నమోదు చేసినది కాదు. ఐ-ఫ్రేము ఒక్కటే తనంతట తాను పూర్తి బొమ్మ. పి, బి ఫ్రేములు ఇతర ఫ్రేముల నుంచి అరువు తెచ్చుకుని, తేడాలను మాత్రం దాచుకుంటాయి. ఎన్‌కోడర్‌కు (వీడియోను కుదించే భాగానికి) ఒక ప్రాంతంలో తేడా స్వల్పమని తోస్తే అక్కడి పిక్సెళ్లను పాత ఫ్రేము నుంచి యథాతథంగా వాడుకుంటుంది. అందువల్ల చీకటి మూలలో ఉన్న మనిషి చేయి కదలకుండా ఉన్నదా, లేక ఎన్‌కోడర్ ఆ కదలికను పట్టించుకోలేదా అనే ప్రశ్నకు కంటితో చూసి జవాబు చెప్పడం కుదరదు. ఏ ఫ్రేము ఏ రకమో, దాని పరిమాణం ఎంతో ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్ వరుసగా రాసి ఇస్తుంది. ఫ్రేములోని ఏ భాగం కొత్తది, ఏ భాగం అరువు అనే వివరాన్ని మాక్రోబ్లాకుల (ఫ్రేమును విభజించిన చిన్న చదరాల) స్థాయిలో రంగులు వేసి చూపే సౌకర్యం ఆంపెడ్ ఫైవ్‌లో ఉంది. ఇలాంటి ప్రశ్నలు మీకు తరచుగా వచ్చే పక్షంలో లైసెన్సుకు పెట్టే డబ్బు ఆ ఒక్క సౌకర్యంతోనే గిట్టుబాటు అవుతుంది.

కాబట్టి ఏ సాధనాన్నైనా నేను మొదట అడిగేవి రెండు ప్రశ్నలు. ఫైలులో ఉన్న ప్రతి ఫ్రేముకూ అది లెక్క చెప్పగలదా? నేను చేసిన పనిని మరొకరు, మరొక గదిలో కూర్చుని, నా నోట్సును మాత్రమే చూసి మళ్లీ చేయగలరా? ఈ రెండింటికీ అవునని చెప్పగలిగే సాధనం ఉచితమైనా, ఖరీదైనా నాకు ఒకటే.

సమాధానం: ఎడిటింగ్‌నుంచివచ్చాను

నేను చాలా ఏళ్లు ఎడిటింగ్ చేసి ఈ రంగంలోకి వచ్చినవాడిని కనుక మీ సహోద్యోగి వాదన నాకు బాగా అర్థమవుతుంది. చేతికి అలవాటైన పనిముట్టును పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమే. అయితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసింది చూసేవారి కంటికి దృశ్యం నునుపుగా సాగడం కోసం. ఫ్రేముల వేగం నిలకడగా లేని ఫైలును టైమ్‌లైన్ మీద వేయగానే అది కొన్ని ఫ్రేములను రెండుసార్లు చూపి, కొన్నింటిని వదిలేసి, అంతా ఒకే వేగానికి సర్దుతుంది. సినిమాకు అది మేలు చేస్తుంది. సాక్ష్యం విషయంలో మాత్రం, ఎదుటి పక్షం నిపుణుడు నా ఎగుమతిలోని ఫ్రేములను, మూల ఫైలులోని ఫ్రేములను పక్కపక్కన పెట్టి లెక్కించినప్పుడు, అదనంగా ఉన్న ఫ్రేములు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆకారం సంగతి కూడా ఇలాంటిదే. పాత డీవీఆర్‌లు చాలా వరకు 704×288 పరిమాణంలో నమోదు చేసేవి. అడ్డంగా పూర్తి వెడల్పు, నిలువుగా సగం గీతలు. దాన్ని సరైన నిష్పత్తికి సాగదీయకుండా చూపితే మనిషి పొట్టిగా, ముఖం వెడల్పుగా కనిపిస్తుంది. ప్లేయర్‌లు, ఎడిటర్లు కొన్నిసార్లు ఈ సవరణను మనకు చెప్పకుండా చేస్తాయి, కొన్నిసార్లు అసలు చేయవు. ఎవరి ఎత్తునైనా కొలవమని అడిగినప్పుడు ఈ తేడా ఎంత దూరం తీసుకుపోతుందో ఊహించుకోండి.

ఇక ఆ నంబర్ ప్లేటు గురించి. మీకు కలిగిన భయం సరైనదే. స్పష్టతను పెంచే కృత్రిమ మేధ నమూనా తాను శిక్షణలో చూసిన వేల బొమ్మలను ఆధారం చేసుకుని, ఇలాంటి మసక వెనుక సాధారణంగా ఏ ఆకారం ఉంటుందో అక్కడ గీస్తుంది. అది గీసిన అక్షరం చక్కగా ఉంటుంది, కానీ ఆ చక్కదనం మీ ఫైలులోది కాదు. 8, బి అనే రెండు గుర్తులను వేరు చేసే సమాచారం మూలంలో నాలుగు పిక్సెళ్లకు కుంచించుకుపోయి ఉంటే, నమూనా ఏదో ఒకదాన్ని ఎంచుకుంటుందే తప్ప, తెలియడం లేదని చెప్పదు. 2024లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కింగ్ కౌంటీ న్యాయస్థానం ఒక హత్య కేసులో ఇలా కృత్రిమ మేధతో మెరుగుపరచిన వీడియోను సాక్ష్యంగా అనుమతించలేదు. ఆ పద్ధతి లోపల ఏం జరుగుతున్నదో తెలియకపోవడం, ఫోరెన్సిక్ వీడియో విశ్లేషకుల సమాజం దాన్ని ఆమోదించకపోవడం అందుకు ముఖ్యమైన కారణాలు.

మామూలుగా బొమ్మను పెద్దది చేయడం కూడా ప్రశ్నలకు అతీతం కాదు. 2021లో విస్కాన్సిన్ రాష్ట్రంలో జరిగిన ఒక విచారణలో టాబ్లెట్ తెర మీద వేళ్లతో వీడియోను పెద్దది చేసి చూపడంపైనే ప్రతివాదులు అభ్యంతరం చెప్పారు. సాంకేతికంగా ఆ అభ్యంతరాన్ని వివరించిన తీరు గందరగోళంగా ఉన్నప్పటికీ, అందులోంచి మనకు పనికివచ్చే ప్రశ్న ఒకటి ఉంది: లేని పిక్సెళ్లను మీ సాధనం ఏ సూత్రంతో నింపింది? సమీప పిక్సెల్‌ను అలాగే పునరావృతం చేసిందా, చుట్టూ ఉన్న నాలుగు పిక్సెళ్ల నుంచి లెక్కగట్టే బైలీనియర్ పద్ధతి వాడిందా, పదహారు పిక్సెళ్ల నుంచి లెక్కగట్టే బైక్యూబిక్ వాడిందా? ఈ మూడూ దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే, ఫలితాన్ని చేతితో లెక్కించి సరిచూడగలిగినవే. వాటిలో దేన్ని వాడారో నివేదికలో రాయగలిగితే ఏ చిక్కూ ఉండదు.

మసకను నిజంగా తగ్గించే పాత పద్ధతి ఒకటి చెబుతాను. ప్లేటు కదలకుండా ఉన్న ఫ్రేములను ఒకదానిపై ఒకటి అమర్చి సగటు తీస్తే, యాదృచ్ఛికమైన నాయిస్ (బొమ్మ మీద చెదురుమదురుగా పడే చుక్కలు) ఫ్రేముల సంఖ్య వర్గమూలం మేరకు తగ్గుతుంది. 16 ఫ్రేములతో అది నాలుగో వంతుకు దిగుతుంది. అయితే పై సమాధానంలో చెప్పిన అరువు ఫ్రేముల సంగతి ఇక్కడ అడ్డం వస్తుంది. 16 ఫ్రేముల్లో పన్నెండింటిలో ఆ ప్రాంతం పాతదాని నకలే అయితే మీరు సగటు తీస్తున్నది నిజానికి నాలుగు ఫ్రేములనే.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా పారవేయమని నేను అనడం లేదు. విశ్లేషణ అంతా ముగిశాక, వేర్వేరు కెమెరాల దృశ్యాలను వరుసగా పేర్చి న్యాయస్థానంలో చూపడానికి దానికి సాటి వచ్చేవి తక్కువ.

సమాధానం: నాణ్యతావిభాగం

ఫ్రేములలెక్క గారు చెప్పిన వాటిలో ఒకదానితో నేను ఏకీభవించడం లేదు. ఉచితమైనా, ఖరీదైనా ఒకటే అనడం ఒంటరిగా పనిచేసే నిపుణుడికి చెల్లుతుందేమో కానీ, రేపు చేరబోయే కొత్త ఉద్యోగి కూడా అదే పని చేయవలసిన ప్రయోగశాలకు చెల్లదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటివాటికి ఆదేశాలు టైపు చేసే కమాండ్ లైన్‌లో చేసిన ప్రతి అడుగునూ చేత్తో రాసుకోవాలి. వెర్షన్ సంఖ్యను కూడా వదలకూడదు, ఎందుకంటే ఫ్రేములను వదలకుండా, రెట్టించకుండా ఉంచమని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు చెప్పే ఐచ్ఛికం పేరే 2022లో వచ్చిన 5.1 వెర్షన్‌లో మారింది. అలసిపోయిన సాయంత్రం ఒక అడుగు రాయడం మరిచిపోతే ఆ పని పునరావృతం కాదు. ఆంపెడ్ ఫైవ్ వంటి సాధనం మీరు వాడిన ఫిల్టర్లను వాడిన వరుసలోనే, వాటి విలువలతో సహా, నివేదికగా రాసి ఇస్తుంది. మేము కొన్నది ప్రధానంగా ఈ క్రమశిక్షణను. ఫిల్టర్లలో అధిక భాగం మరో దారిలోనూ దొరుకుతాయి.

రెండవ విషయం. ఎగుమతి చేసిన ఫైలు చేతిలో ఉన్నప్పుడు కావలసిన సాధనం వేరు, డీవీఆర్ డిస్కు చేతిలో ఉన్నప్పుడు కావలసిన సాధనం వేరు. పాస్‌వర్డు తెలియని డీవీఆర్, కాలిపోయిన డీవీఆర్, ఫుటేజి చెరిపేసిన డీవీఆర్ మీ దగ్గరకు వస్తే, డిస్కును నేరుగా చదివే సాధనం కావాలి. డీవీఆర్ ఎగ్జామినర్ ఆ కోవలోది. దాని సంస్థను 2021లో మ్యాగ్నెట్ ఫోరెన్సిక్స్ తనలో కలుపుకుంది, ఇప్పుడు ఆ పని మ్యాగ్నెట్ విట్‌నెస్ పేరుతో జరుగుతోంది. మీకు సూచించిన ఆక్సాన్ ఇన్వెస్టిగేట్ కూడా అంతకుముందు ఇన్‌పుట్-ఏస్ పేరుతో ఉన్నదే. ఈ పేర్ల మార్పులను ఊరికే చెప్పడం లేదు. మీ పనిపై విచారణ నాలుగైదేళ్ల తరువాత జరగవచ్చు. అప్పటికి సంస్థ చేతులు మారి, వార్షిక లైసెన్సు ముగిసి, పాత ప్రాజెక్టు ఫైలు కొత్త వెర్షన్‌లో తెరుచుకోకపోతే మీరు బోనులో నిలబడి ఏం చూపుతారు? కొనే ముందు అమ్మేవారిని ఈ మూడూ అడగండి: గడువు తీరిన తరువాత పాత ప్రాజెక్టులను చూడగలమా, ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌లో పనిచేస్తుందా, పాత వెర్షన్ల ఇన్‌స్టాలర్లు ఎన్నేళ్ల పాటు ఇస్తారు?

పేరున్న సాధనం కొన్నంత మాత్రాన ధ్రువీకరణ పూర్తయినట్టు భావించకండి. ఐఎస్ఓ/ఐఈసీ 17025 (ప్రయోగశాలల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉన్న ప్రయోగశాల తాను వాడే పద్ధతి తన చేతుల్లో సరిగా పనిచేస్తున్నదని తానే చూపాలి. అందుకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. నూరవ వంతు సెకన్లు చూపే గడియారాన్ని, తెలిసిన కొలతలున్న గళ్ల పలకను మీ దగ్గరున్న డీవీఆర్‌తో చిత్రీకరించి, ఆ ఫైలును మీరు పరిశీలిస్తున్న ప్రతి సాధనంలోనూ నడిపించండి. ఫ్రేముల సంఖ్య, వాటి మధ్య వ్యవధి, పలక కొలతలు, నలుపు తెలుపుల విలువలు పోల్చండి. ఒకే ఫ్రేము రెండు సాధనాల్లో రెండు రకాల వెలుతురుతో కనిపించడం మీరు తప్పక చూస్తారు. వీడియోలో 16 నుంచి 235 వరకు ఉన్న విలువలను ఒకటి 0 నుంచి 255 వరకు సాగదీస్తుంది, మరొకటి అలాగే వదిలేస్తుంది. చొక్కా రంగు ముదురా, లేతా అని అడిగిన రోజున ఈ పరీక్ష పత్రాలే మిమ్మల్ని ఆదుకుంటాయి. డిజిటల్ సాక్ష్యాలపై పనిచేసే నిపుణుల బృందం ఎస్‌డబ్ల్యూజీడీఈ ప్రచురించిన వీడియో మార్గదర్శకాలు ఉచితంగానే దొరుకుతాయి. పరీక్షల ప్రణాళికను వాటి నుంచి మొదలుపెట్టండి.

తిరుగు ప్రశ్న: కొత్తపరిశీలకుడు

అందరికీ కృతజ్ఞతలు. తెర మూలన ఉన్న గడియారం సాయంతో మొదటి ఫైలులో నిన్ననే లెక్క కట్టాను. ప్లేయర్ 25 అని చూపుతున్నా కొన్ని సెకన్లలో 14, కొన్నింటిలో 15 ఫ్రేములు ఉన్నాయి. మీరు చెప్పకపోయి ఉంటే ప్లేయర్ మాటే నమ్మేవాడిని. మిగిలిన రెండు ఫైళ్ల సంగతి అడగాలి. మెసేజింగ్ యాప్ ద్వారా వచ్చిన క్లిప్పును, మానిటర్‌ను చిత్రీకరించిన క్లిప్పును బాగుచేయగల సాధనం ఏదైనా ఉందా?

సమాధానం: ఫ్రేములలెక్క

ఆ రెండింటికీ కావలసింది సాఫ్ట్‌వేర్ కాదండీ, ఫోన్ కాల్. మెసేజింగ్ యాప్ వీడియోను చాలా సందర్భాల్లో మళ్లీ కుదిస్తుంది, పరిమాణం తగ్గిస్తుంది, తీసిన ఫోన్ వివరాలను, అసలు సమయాన్ని తొలగిస్తుంది. మూడు చేతులు మారినదైతే ఎన్నిసార్లు కుదింపుకు గురైందో చెప్పడం కష్టం. మొదట తీసినవారి ఫోన్‌ను చేరుకోవడానికి ప్రయత్నించండి. ఫోన్ల పరిశీలన మీ ప్రయోగశాలకు అలవాటైన పనే కదా. ఫోన్ ఇవ్వడం కుదరకపోతే కనీసం ఆ ఫైలును వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని అడగండి. అలా పంపినప్పుడు మళ్లీ కుదింపు జరగదు.

మానిటర్‌ను చిత్రీకరించిన క్లిప్పులో అడ్డ చారలు, వల అల్లికలాంటి నీడలు, తెర వంపు అన్నీ కలిసిపోయి ఉంటాయి. వంపును గణితంతో సరిచేయవచ్చు. తెర రిఫ్రెష్ వేగానికీ ఫోన్ కెమెరా వేగానికీ పొంతన కుదరక ఏ ఫ్రేములు రెండుసార్లు పడ్డాయో, ఏవి తప్పిపోయాయో మాత్రం ఆ క్లిప్పు నుంచి నమ్మకంగా తేల్చలేరు. డీవీఆర్ ఇంకా పనిచేస్తూ ఉంటే ఈ రోజే మనిషిని పంపండి, ఎందుకంటే డిస్కు నిండగానే పాత రికార్డింగు మీద కొత్తది పడుతుంది. వెళ్లినవారు ఫైలును తయారీదారు స్వంత ఫార్మాట్‌లోనే తీసుకోవాలి, దాని ప్లేయర్‌ను కూడా తేవాలి. డీవీఆర్ గడియారం సరైన సమయానికి ఎంత ముందు లేదా వెనుక ఉన్నదో అక్కడికక్కడే రాసుకోవాలి. ఈ చివరి వివరం తరువాత ఏ సాధనంతోనూ దొరకదు. తెచ్చిన వెంటనే ఎస్‌హెచ్ఏ-256 విలువ (ఫైలు మారితే మారిపోయే, వేలిముద్రలాంటి సంఖ్య) తీసి, నకలు మీద మాత్రమే పని చేయండి. ఇలాంటివే అయిన పాత పద్ధతుల్లో ఎండీ5కు 2004లోనే, ఎస్‌హెచ్ఏ-1కు 2017లో ఒకే విలువ వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను తయారు చేసి చూపించారు కనుక వాటి మీద మాత్రమే ఆధారపడకండి.

నాణ్యతావిభాగం వారి అభ్యంతరాన్ని ఒప్పుకుంటున్నాను. నా నోట్సులో ఒక అడుగు తప్పిపోయిన సందర్భం నాకూ ఉంది.

సమాధానం: ఎడిటింగ్‌నుంచివచ్చాను

ఒక చిన్న చేర్పు. మొదటి ఫైలును ఏ సాధనమూ తెరవలేక, తయారీదారు ప్లేయర్ తెరను రికార్డు చేయడమే గతి అయినప్పుడు, ఆ రికార్డింగును ఎఫ్‌ఎఫ్‌వీ1 వంటి నష్టరహిత కోడెక్‌లో (బొమ్మలో ఏ వివరమూ పోకుండా కుదించే పద్ధతిలో) చేయండి. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9043 అనే బహిరంగ సాంకేతిక పత్రంగా దాని వివరణ ప్రచురితమైంది కనుక ఎన్నేళ్ల తరువాతైనా తెరుచుకుంటుంది. అది మూలానికి నకలు కాదని, తెర రికార్డింగు అని నివేదిక మొదటి పేజీలోనే రాయండి. ప్లేయర్‌లో ఒక్కొక్క ఫ్రేముగా ముందుకు జరిపే మీట ఉంటే, ముఖ్యమైన పది ఇరవై ఫ్రేములను విడిగా బొమ్మలుగా దాచుకుని, రికార్డింగులో అవన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

తిరుగు సమాధానం: కొత్తపరిశీలకుడు

డీవీఆర్ ఉన్న చోటుకు ఈ మధ్యాహ్నమే ఒకరిని పంపాము. రికార్డింగు ఇంకా చెరిగిపోలేదట. గడియారం నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు ముందు ఉన్నదని రాసుకుని వచ్చారు. మానిటర్‌ను చిత్రీకరించిన క్లిప్పు అవసరం ఇక లేదు. ఆంపెడ్ ఫైవ్, ఆక్సాన్ ఇన్వెస్టిగేట్ రెండింటికీ ప్రయోగాత్మక లైసెన్సులు ఇవ్వమని అడిగాను. గళ్ల పలక, గడియారం చిత్రీకరించిన ఫైలుతో వాటిని పోల్చే పనిలో ప్రీమియర్‌ను కూడా చేర్చాను. దాని ఫలితాలను లెక్కించే బాధ్యతను మా సహోద్యోగే స్వయంగా తీసుకున్నారు.